సల్లలో నాలుగు చుక్కలు

"నా కోడలు నాకు మందు పెట్టింది!"

పొద్దున్నుంచి సత్తెమ్మ ఈ మాట పదకొండోసారి అంటోంది. మొదటి పదిసార్లు వంటింటి వైపు చూసి అంది. ఈసారి గడప మీద కూర్చుని, సల్ల గ్లాసు ముందు పెట్టుకుని, క్వార్టర్ల వీధి మొత్తానికీ వినబడేట్టు అంది. గ్లాసులో నీళ్ళు పైకి తేలి సల్ల అడుక్కి దిగింది. ఆ మజ్జిగ ఒక్క గుక్క తాగలేదు, పారబోయనివ్వనూ లేదు. సాక్ష్యం కదా!

లోపల ప్రియదర్శిని కాలు నిలవక తిరుగుతోంది. వండిన అన్నం వండినట్టే ఉంది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. సర్దిన డబ్బాలే మళ్ళీ సర్దింది. గుండెలో ఒకటే దడ.

సత్తెమ్మ సొంతూరు నర్సింహులపేట దిక్కు 'మందు పెట్టింది' అంటే జ్వరానికి గోళీ ఇచ్చిందని కాదు. తినే తిండిలో ఏదో కలిపి మనిషిని లొంగదీసుకోవడం, లేదంటే మెల్లగా ఎండబెట్టి చంపడం. ఆ మాట పడ్డ కోడలి చేతి నీళ్ళు ఆ ఊళ్ళో మళ్ళీ ఎవరూ తాగరు. ప్రియదర్శిని పుట్టిందీ ఆ దిక్కునే, తరిగొప్పులలో, కాబట్టి ఆ మాట బరువు ఆమెకూ తెలుసు. తెలిసీ ఆ పని చేసింది. సీసా మూత తిప్పేటప్పుడు ఆమె దృష్టిలో అది దవాఖాన మందు. అత్త కంట్లో పడేసరికి ఊరి మందయి కూర్చుంది.

గోడ అవతల నుంచి కమ్లీ తొంగి చూసింది. పక్క క్వార్టర్ అమర్‌సింగ్ భార్య. తండా నుంచి వచ్చి రెండేళ్ళయింది, ఈ ఇంటి సంగతులన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

"అక్కా, ఏం మందే అది?"

"పూల మందు కమ్లీ. పరేషాన్ తగ్గడానికి."

"ఇప్పపువ్వుదా?" కమ్లీ కళ్ళు పెద్దవయ్యాయి. "మా తండల సార గాస్తరు గని, గంత చిన్న సీసల ఎవ్వరు పొయ్యరు. గది ఎవనికి సాల్తదక్కా?"

ఇంకో రోజయితే ప్రియదర్శిని పడీ పడీ నవ్వేది. ఇవాళ నవ్వబోతే ఏడుపొచ్చింది.

మూడున్నరకు శ్రీపాల్ బాయి నుంచి వచ్చాడు. బొగ్గుగనిలో ఫస్టు షిఫ్టు దిగి వచ్చిన మనిషి. ఒళ్ళంతా అలసట, చెవుల వెనక ఇంకా నల్లదనం. గడపలో తల్లీ, తల్లి ముందు గ్లాసూ చూసి చెప్పులతోనే ఆగిపోయాడు.

"ఏందవ్వా? గిక్కడెందుకు కూసున్నవ్?"

"నీ పెండ్లాం నాకు మందు పెట్టిందిరా."

శ్రీపాల్ వంటింటి వైపు చూశాడు. ప్రియదర్శిని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏం కలిపినవ్?"

"పూల మందు. మన సింధుకు ఇస్తున్నదే. అత్తమ్మకు గుండె దడ, నిద్ర పడ్తలేదు అంటున్నది గద. నాలుగు చుక్కలేసిన."

"అడిగి ఇయ్యరాదా?"

"అడిగితే తాగది."

"తాగదని ఎర్కుండే గద దొంగతనంగ పోసినవ్?"

ప్రియదర్శిని కొంగు అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

"వారం సంది కడుపుల ఒకటే మంట," అంది సత్తెమ్మ. "ముద్ద దిగుతలేదు."

"ఇయ్యాల పొద్దుగాల గద నువ్వు చూసింది? వారం సంది మంటేందవ్వా?"

"మంట ముందొచ్చింది. ఎందుకొచ్చిందో ఇయ్యాల తెలిసింది."

శ్రీపాల్‌కు నవ్వూ కోపం కలిసి వచ్చాయి. రెండూ మింగాడు. చెయ్యి చాపితే ప్రియదర్శిని సీసా తెచ్చి ఇచ్చింది. బొటనవేలంత గోధుమరంగు సీసా, మూతకు రబ్బరు బుడ్డి. మూత తీసి వాసన చూశాడు.

"ఏం వాసన లేదు గదనే."

"పువ్వులకు ఘాటుంటదా?" అంది గానీ, తెచ్చిన మొదటి రోజు బ్రాండీ వాసన గుప్పుమన్న సంగతి ఆమెకు గుర్తొచ్చింది. చెడిపోకుండా ఆ మాత్రం కలుపుతారని సీసా ఇచ్చిన జనగామ మేడం మనోరమ చెప్పింది. వాసన ఎగిరిపోయి ఉంటుందిలే అనుకుంది.

"నాకంటే పాయె. నేను పోయేదాన్ని," సత్తెమ్మ గొంతు ఉన్నట్టుండి దిగింది. "పిల్లకు గూడ పోస్తున్నది గద. నువ్వు పొద్దంత బాయిల ఉంటవు, నేను ఇంట్ల జూస్తున్న. పిల్ల నోట్ల..."

"అవ్వా, నువ్వు జరసేపు ఊకో."

సత్తెమ్మ నోరు మూసుకుంది. మూసుకున్న తీరు చూస్తే ఇక ఈ ఇంట్లో తెరవదేమో అనిపించింది. చెప్పబోయిందేమిటో అడగాలని కొడుక్కు తోచలేదు, కోడలికీ తోచలేదు.

శ్రీపాల్ సీసాను కిటికీలో పెట్టి, గొంతు తగ్గించి భార్యను అడిగాడు.

"హన్మకొండ డాక్టరమ్మ సింధుకు రాసిన గోళీలు ఇస్తనే ఉన్నవ్ గద?"

వంటింట్లో కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఆమె వెళ్ళి దాన్ని గట్టిగా బిగించి వచ్చింది.

"ఆ," అంది.

ఒకే ఒక్క అక్షరం! దాని వెనక ఆరు వారాల అబద్ధం ఉంది.

సింధుకు తొమ్మిదేళ్ళు. ఒక్కచోట కూర్చోదు. పుస్తకం తెరిస్తే కిటికీలోకి చూస్తుంది, కిటికీలోకి చూస్తే వీధిలోకి పరుగెడుతుంది. చెప్పిన మాట చెవి దాకా పోయి అక్కడే ఆగిపోతుంది. బడిలో పిల్లలు దాన్ని 'గాలిపటం' అంటారు. దసరాకు ముందు హన్మకొండ తీసుకుపోతే డాక్టరమ్మ రెండు పూటలు పరీక్షించి, ఇది పొగరూ కాదు, పెంపకం లోపమూ కాదు, ధ్యాస నిలవని జబ్బు అని చెప్పింది. రోజుకో గోళీ రాసింది. పిల్లతో ఎలా మెలగాలో నేర్పడానికి నెలకోసారి రమ్మంది. ఆకలి తగ్గితే వెంటనే ఫోన్ చెయ్యమనీ, డోసు మార్చుకోవచ్చనీ మరీ మరీ చెప్పింది.

ఆకలి తగ్గింది. తొమ్మిదో రోజు సింధు ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని మింగకుండా, గోడకున్న ఫోటోలాగా కూర్చుంది. ప్రియదర్శినికి ప్రాణం పోయినంత పనయింది. ఫోన్ చెయ్యలేదు. గోళీల అట్ట తీసి బియ్యం డబ్బాలో దాచింది. నెల తిరిగి హన్మకొండ పోవలసిన రోజు వస్తే ఏదో వంక చెప్పి తప్పించింది.

ఆ వారమే తరిగొప్పులలో అమ్మను చూసి వస్తూ, దారిలో జనగామలో దిగి మనోరమ ఇంటికి వెళ్ళింది. మనోరమ రిటైరైన టీచరమ్మ. మేడ మీది గదిలో ముప్పై ఎనిమిది చిన్న సీసాలు వరసగా పెట్టుకుంది. తెలియని భయానికొక పువ్వు, తెలిసిన భయానికొక పువ్వు, మనసు పరుగులెత్తితే ఇంకో పువ్వు. ఆమె సింధు గురించి అడగడానికి ముందు, ప్రియదర్శిని చెయ్యి పట్టుకుని, "నీకెట్లున్నదమ్మా?" అని అడిగింది.

ఏళ్ళ తరబడి ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. ప్రియదర్శిని గంటసేపు ఏడ్చింది. మెట్లు దిగేటప్పుడు ఒళ్ళు దూదిలా తేలికైంది. మందు ఇంకా నాలుక మీద పడనే లేదు, ఆ లెక్క మాత్రం ఆమె చూసుకోలేదు.

"తల్లి పరేషాన్ పిల్లకు అంటుకుంటది, ఇద్దరికీ ఒకటే సీస," అంది మనోరమ. నాలుగు చుక్కలు వేశాక పావుగంట పిల్ల పక్కన కూర్చోవాలి. ఫోన్ ముట్టుకోకూడదు, తిట్టకూడదు.

సింధు కూర్చుంది! మొదటి వారంలోనే పావుగంట బొమ్మలాగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ప్రియదర్శిని గోడ గడియారం చూసి మురిసిపోయింది. తనకూ దడ తగ్గింది. ఇంకో విచిత్రం, పది రోజులుగా అత్త సల్లలోనూ వేస్తూ ముగ్గురు వాడుతున్నా సీసా తరగడమే లేదు. అదీ దాని మహిమే అనుకుంది పిచ్చి తల్లి.

ఒకరోజు మాత్రం ఫోన్‌లో వెతికింది. ఉత్త నీళ్ళిచ్చిన వాళ్ళకూ, పూల చుక్కలిచ్చిన వాళ్ళకూ పరీక్ష పెట్టి చూస్తే భయంలో గానీ ధ్యాసలో గానీ తేడా తేలలేదని చదివింది. రెండోసారి చదవకుండా ఆ పేజీ మూసేసింది. కళ్ళెదురుగా పిల్ల కుదురుగా కూర్చుంటే ఎవరో ఎక్కడో చేసిన పరీక్షతో తనకేం పని?

"సోమవారం సెలవు పెడ్త," శ్రీపాల్ అంటున్నాడు. "పిల్లను తీస్కొని హన్మకొండ పోదాం. గీ చుక్కలు పొయ్యొచ్చునా, పొయ్యద్దా డాక్టరమ్మనే అడుగుదాం."

"సోమవారమెందుకు? పిల్ల మంచిగనే ఉన్నది గద."

"మంచిగుంటే ఆమెకు జెప్పుదాం. సంతోషపడ్తది."

"పూల మందుతోనే మంచిగైందంటే డాక్టర్లు ఒప్పుకుంటరా?"

"గోళీతోని గాదని నీకెట్ల తెల్సు? రెండూ ఇస్తున్ననంటివి గద?"

శ్రీపాల్ ఒక నిమిషం భార్య ముఖంలోకే చూశాడు. స్నానం చెయ్యకుండానే బండి తాళం తీసుకుని, "ఫోన్ జేసి టైం తీస్కుంట," అంటూ బయటికి పోయాడు. తల్లి పక్క నుంచే పోయాడు. ఆమె తల ఎత్తలేదు.

గడప మీద అత్త, వంటింట్లో కోడలు. ప్రియదర్శిని ఫోన్ తీసుకుని పెరట్లోకి పోయింది.

మనోరమ మొదటి రింగుకే ఎత్తింది.

"మేడం, ఇంట్ల పెద్ద లొల్లయింది." ఉన్నదంతా ఊపిరి తీసుకోకుండా చెప్పింది. "సోమవారం డాక్టర్ కాడికి పోతే అంత బయటపడ్తది."

"ముందు నువ్వు నాలుగు చుక్కలేస్కో. గంటకోసారి వేస్కున్నా ఏం గాదు."

"చుక్కలు గాదు మేడం, ఒక్క మాట జెప్పున్రి. గిది నిజంగ పని చేస్తదా?"

"నాకు చేసింది," అంది మనోరమ. "మా సారు పోయినంక నేను మంచం దిగలే. నన్ను లేపి నిలబెట్టింది గీ పూలే. అది అబద్ధం గాదు. నీ బిడ్డకు చేస్తదని నేను కాయిదం రాసియ్యలేనమ్మా."

"మరి గోళీలు ఆపి మీ కాడికి వచ్చిన్నాడు గీ మాట నాకు జెప్పలేదేంది?"

"ఆపుమని నేనన్ననా?"

"ఆపొద్దని గూడ అనలే."

"నువ్వు అడగలే, ప్రియా." మనోరమ గొంతులో మొదటిసారి తడబాటు వినిపించింది. "నేను గూడ అడగలే. అడిగేదుండె."

ఫోన్ పెట్టేశాక ప్రియదర్శిని పెరటి గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడింది. ఇన్నాళ్ళూ తనను మోసిన మనిషి ఒక్క మాటతో దించేసి పక్కకు జరిగినట్టుంది. కోపం వచ్చింది. మనోరమ మీద రావలసిన కోపమంతా తిరిగి తిరిగి తన మీదికే వచ్చింది.

ఇంట్లోకి వచ్చేసరికి గడప ఖాళీ. గ్లాసు మాత్రం ఉంది. కొక్కేనికి ఉండే సత్తెమ్మ చేతిసంచి లేదు, అలమరలో ఆధార్ కార్డు లేదు.

"కమ్లీ! మా అత్తమ్మను జూసినవా?"

"నీకు జెప్పలేదా అక్కా?" కమ్లీ బట్టలు ఆరేస్తూ తిరిగింది. "బడి దిక్కు పోయింది. నేను పిండి పట్టిచ్చి వస్తుంటె సింధును తోల్కొని బస్టాండుకు ఆటో ఎక్కిండ్రు. నర్సింహులపేటల కట్టయ్య ఉన్నడట గద, మందు కక్కిస్తడట. నాకు గూడ ఎవరన్న పెడ్తె గాడికే పొమ్మన్నది."

కట్టయ్య గురించి ప్రియదర్శిని పెళ్ళయిన కొత్తలోనే విన్నది. ఏదో ఆకు పసరు, దాని మీద చెంబెడు ఉప్పునీళ్ళు, వాంతి కాకపోతే ఇంకో చెంబు. పెద్దవాళ్ళే రెండు రోజులు లేవరు. సింధు తొమ్మిదేళ్ళ పిల్ల, పిడికెడు మనిషి.

శ్రీపాల్‌కు ఫోన్ చేసింది. ఎంగేజ్. మళ్ళీ చేసింది. ఎంగేజ్. మూడోసారి ఎత్తాడు. విన్నాక ఒక్క మాటే అన్నాడు.

"నువ్వు బస్టాండుకు ఉరుకు. నేను బండి మీద వస్తున్న."

చెప్పులు వేసుకుందో లేదో ఆమెకు తెలియదు. ఆటోలో కూర్చున్నంతసేపూ ముందుకు వంగే కూర్చుంది, అలా వంగితే ఆటో ఇంకొంచెం జోరుగా పోతుందన్నట్టు. బొగ్గు లారీలు ఒకదాని వెనక ఒకటి అడ్డం వస్తున్నాయి. ఆటోవాడు తాపీగా బీడీ వెలిగించబోతే, "అన్నా, నీ కాళ్ళు మొక్కుత," అంది. వాడు బీడీ జేబులో పెట్టుకున్నాడు.

హన్మకొండ బస్సు అప్పుడే కదులుతోంది. వెనక కిటికీలోంచి రెండు జడలూ, ఒక చెయ్యీ బయటికి ఊగుతున్నాయి. ఆ చెయ్యి ఎవరిదో అడగనక్కర్లేదు. ప్రియదర్శిని పరుగెత్తి తలుపు కమ్మీ పట్టుకుంది. కండక్టరమ్మ తిట్టుకుంటూనే లోపలికి లాగింది.

వెనక సీట్లో సత్తెమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన సింధు సీటు మీద మోకాళ్ళేసి లారీలు లెక్కపెడుతోంది.

"అమ్మా! ముప్పై రెండు లారీలు!"

"దిగున్రి అత్తమ్మా."

"దిగ."

"నా పిల్లను నేను దింపుకుంట."

"నీ పిల్లనే. నా కొడుకు పిల్ల గాదా?" సత్తెమ్మ సింధు నడుము చుట్టూ చెయ్యి వేసింది.

బస్సు పరకాల తొవ్వ పట్టింది. ముందు సీట్లో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ప్రియదర్శిని సింధు పక్కనే ఇరుకున కూలబడింది. గొంతు తగ్గించాలనుకుంది గానీ తగ్గలేదు.

"ఉప్పునీళ్ళు తాపి పసిపిల్లను కక్కిస్తరా? మీకు మనసెట్ల ఒప్పిందత్తమ్మా?"

"నీకెట్ల ఒప్పింది?" సత్తెమ్మ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "నేను చెప్పబోతే నా కొడుకు నోరు మూయించిండు. నువ్వు జూడలే. నేను జూసిన. రోజూ నువ్వు చుక్కలేసి పిల్ల పక్కన కూసుంటవు, గడియారం దిక్కు జూస్తవు. పిల్ల మొకం జూసినవా ఒక్కనాడన్న?"

"ఏమైంది పిల్ల మొకానికి?"

"బిడ్డా సింధూ, నోరు తెరువు. మీ అమ్మకు జూపెట్టు."

సింధు తెరవలేదు. తల్లి వైపు ఒకసారి, నానమ్మ వైపు ఒకసారి చూసి పెదవులు బిగించుకుంది. సత్తెమ్మ దాని గడ్డం పట్టుకుని బుజ్జగించింది. "తెరువు నా బంగారం. ఎవ్వలు కొట్టరు."

సింధు నోరు తెరిచింది.

కుడి బుగ్గ లోపల తెల్లగా, ఎర్రగా, పుండులాగా ఉంది. పాత గాటు మీద కొత్త గాట్లు. ప్రియదర్శిని చూసి, ఇంకా దగ్గరికి వంగి చూసింది.

"కదలకుండ కూసున్నంతసేపు కొరుక్కుంటది," అంది సత్తెమ్మ. "కారం తింటె ఏడుస్తది. నీకు తెల్వకుండ నేను పాలన్నం కలిపి పెడ్తున్న. గిది మందు చేసే పని గాకుంటె ఏంది మరి?"

"ఎందుకమ్మా?" ప్రియదర్శిని అడిగింది. "ఎందుకు కొరుక్కుంటున్నవ్?"

"కొరుక్కుంటె కదలబుద్ధి గాదు," అంది సింధు, లెక్క తప్పకుండా ఇంకో లారీ వైపు వేలు చూపిస్తూ. "నేను కదలకపోతె నువ్వు నవ్వుతవ్ గద."

బస్సులో ఎవరి ఫోనో పాట పాడుతోంది. ప్రియదర్శినికి అది వినబడలేదు. పావుగంటలు, పావుగంటలు! ఎన్ని పావుగంటలు తను గడియారం చూసి మురిసిందో అన్నిసార్లు ఈ పిల్ల నెత్తురు మింగింది. ఆరు వారాలు! ఆమె సింధును దగ్గరికి లాక్కుంది. సింధు ఊపిరాడక విదిలించుకుంది.

"కట్టయ్య తీస్తడు బిడ్డా, ఆ మందంత తీస్తడు," అంటోంది సత్తెమ్మ.

సింధు ఒక్కసారిగా లారీలు వదిలేసి నానమ్మ వైపు తిరిగింది.

"నన్ను కక్కియ్యకు నానమ్మా! గా సీసల మందు లేదు. నీళ్ళే."

"ఏం నీళ్ళు?"

"బోరు నీళ్ళు. మందు ఎప్పుడో అయిపోయింది. నేనే నింపుతున్న. అమ్మ స్నానానికి పోయినప్పుడు."

సత్తెమ్మ చెయ్యి మెల్లగా పొట్ట మీదికి పోయింది. వారం నుంచి భగభగ మండుతున్న పొట్ట అది. ఒకసారి తడిమి చూసుకుంది.

"నీళ్ళా?" అంది, ఎవరో తనను మోసం చేసినట్టు. "ఉత్త నీళ్ళకు నాకు గంత మంటెందుకొచ్చింది?"

ఉత్త నీళ్ళకు తన దడ ఎందుకు తగ్గిందో ప్రియదర్శినికీ తెలియదు. బోరు నీళ్ళు తాగి అత్త కడుపు మండింది, అవే నీళ్ళు తాగి కోడలి మనసు చల్లబడింది. మధ్యలో పిల్ల బుగ్గ తెగింది.

"సీస అయిపోయిందని నాకు జెప్పరాదా అమ్మా?"

"చెప్తె నువ్వు కూసోవు గద," అంది సింధు. "మందేసినప్పుడే కూసుంటవ్."

అప్పుడు ఏడ్చింది ప్రియదర్శిని. అందరూ చూస్తున్నారని తెలిసీ కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది. సత్తెమ్మ ఏమనుకుందో ఏమో, సంచిలోంచి నీళ్ళ బాటిల్ తీసి కోడలి చేతికిచ్చింది. ఇచ్చాక, అందులో ఏమీ కలపలేదన్నట్టు మూత తనే తీసింది.

"ఎక్కడికమ్మా? చెప్పున్రి, టికెట్ కొట్టాలె," అంటూ వచ్చింది కండక్టరమ్మ.

ప్రియదర్శిని అత్త వైపు చూసింది. నర్సింహులపేట పోవాలన్నా హన్మకొండలో దిగి బస్సు మారాలి. డాక్టరమ్మ ఉన్నదీ హన్మకొండలోనే.

"హన్మకొండ," అంది సత్తెమ్మ. ఆ తరువాత ఎక్కడికో చెప్పలేదు. ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే మూడు జీరో టికెట్లు చేతిలో పడ్డాయి.

ఫోన్ మోగింది. శ్రీపాల్.

"దొరికిండ్రా?"

"దొరికిండ్రు. బస్సుల ఉన్నం."

"పిల్ల మంచిగున్నదా?"

ప్రియదర్శిని సింధు బుగ్గ వైపు చూసింది. "ఉన్నది."

"నేను మీ వెనకాల్నే వస్తున్న. చెవుల ఇయర్‌ఫోన్ పెట్టుకున్న. ఆగు, డాక్టరమ్మ ఇప్పుడే మళ్ళ ఫోన్ జేసింది, లైన్ల కలుపుతున్న. నీతోని మాట్లాడుతదట."

చిన్న చప్పుడయింది. ఆ తరువాత డాక్టరమ్మ గొంతు, తొందర లేని గొంతు.

"అమ్మా, నమస్తే. మీ ఆయన పూల చుక్కల సంగతి చెప్పారు. వాటితో పాపకేమీ కాదు, భయపడకండి. నీళ్ళ కంటే ఎక్కువేమీ చెయ్యవవి. కక్కించడం మాత్రం అస్సలు వద్దు, ప్రమాదం. సోమవారం దాకా ఎందుకు, మీరు దారిలోనే ఉన్నారట కదా, ఇప్పుడే తీసుకురండి. ఒక్క సంగతి చెప్పండి చాలు. గోళీ రోజూ ఇస్తున్నారు కదా? ఆకలెట్లా ఉంది? దాన్నిబట్టి డోసు చూస్తాను."

ప్రియదర్శిని ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకుంది. అటు శ్రీపాల్ వింటున్నాడు, బండి చప్పుడు సన్నగా వినబడుతోంది. ఇటు సత్తెమ్మ చూస్తోంది. మళ్ళీ 'ఆ' అంటే సరిపోతుంది. ఒక్క అక్షరం, అలవాటైన అక్షరం, నోటి దాకా వచ్చేసింది. ఆ అక్షరాన్ని నమ్మి డాక్టరమ్మ డోసు పెంచుతుందో, ఇంకో గోళీ రాస్తుందో!

సింధు ఆమె చేతి మీద వేలితో లారీల లెక్క రాస్తోంది.

"ఇస్తలేను మేడం," అంది. "తొమ్మిదో రోజే ఆపేసిన. మా ఆయనకు గూడ తెల్వదు. ఇయ్యాల అడిగితె గూడ ఇస్తున్ననే జెప్పిన."

ఫోన్‌లో బండి చప్పుడు ఆగిపోయింది.

ఆమె బస్సు వెనక అద్దంలోంచి చూసింది. దూరంగా రోడ్డు వారన శ్రీపాల్ బండి ఆపి, నేల మీద కాళ్ళు ఆనించి కూర్చుని ఉన్నాడు. ఒక బొగ్గు లారీ అడ్డం వచ్చి పోయింది. అతను కదలలేదు.

"హలో? శ్రీపాల్ గారూ, లైన్లో ఉన్నారా?" అంటోంది డాక్టరమ్మ.

బస్సు మలుపు తిరిగింది. ఫోన్‌లో జవాబు రాలేదు.